అడ్డగడియ ఏ వైపు ఉంది

తిట్టడం తప్ప మరో మాట రాని సూపర్‌వైజర్ ఆ మధ్యాహ్నం అందరికీ టీ ఇప్పించాడు. గోతిలో మట్టి తవ్వుతున్న పెద్దకోడలికి అనుమానం అక్కడే మొదలైంది.

"ఈయన టీ పోయిస్తున్నాడంటే ఎవరికో గొయ్యి తవ్వుతున్నట్టే," అంది తట్టలు మోసే అక్క.

"తవ్వేది మనమే కదమ్మా," అన్నాడు గునపం మామ.

నవ్వారు గాని ఎవరి చూపూ గోతి మీంచి కదల్లేదు. పాత మిల్లు స్థలంలో కొత్త మేడలు లేపే ముందు అడుగున ఏముందో తవ్వి చూడాలని సర్కారు నియమం. అందుకే పురావస్తు సర్వే మేడమ్ వచ్చింది. మిల్లు పాకల వాళ్లకే ఆ కూలిపని దొరికింది. ఆ పొద్దున ఒక గుమ్మం బయటపడింది. బొగ్గైపోయిన తలుపు, దానికి అడ్డంగా గోడ కొక్కేల్లో బిగుసుకుపోయిన ఇనప అడ్డగడియ.

మిల్లు తగలబడిన రాత్రి ఆ గుమ్మం వెనకే పెద్దకోడలి అత్తగారి తల్లీ, ఆమెతో మరెందరో కాలిపోయారు. లోపల గడియ వేసుకుని పడుకున్నారు, తప్పు వాళ్లదేనని అప్పటి యజమాని చెప్పాడు. కోర్టు నమ్మింది. కోర్టులు ఎవరిని నమ్ముతాయో పాకలకు తెలుసు. ఆ యజమాని మనవడే ఇప్పుడు మేడలు కట్టిస్తున్నాడు.

టీ గ్లాసులు కింద పెట్టకముందే మేడమ్ గట్టుమీదికి వచ్చింది. "ఆ గడియ ఊడదీసి తట్టలో వేయండి. ఆఫీసులో ఫొటో తీస్తాం."

పెద్దకోడలు కదల్లేదు. "పెంకుముక్క జరిపితేనే కసిరారు కదమ్మా, ఉన్నచోటే ఫొటో తీయాలని. దీనికెందుకీ తొందర?"

"పైనుంచి చెప్పారు." మేడమ్ ఆమె కళ్లలోకి చూడలేదు. మెడలో ఉన్న కెమెరా తీసి సంచిలో పెట్టేసింది.

"పోనీవే తల్లీ," అన్నాడు మామ. "పోయినవాళ్లు పోయారు. ఈ పనీ పోతే పొయ్యి వెలగదు."

"ఒక్కటి చెప్పు మామా. మనం నిలబడింది వాకిట్లో. గడియ మనవైపు ఉంది. లోపల పడుకున్నవాళ్లు దీన్నెలా వేసుకున్నారు?"

మామ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. గునపం గట్టుమీదికి విసిరేసి గుమ్మం ముందు చతికిలబడ్డాడు. అక్క తట్ట బోర్లించి పక్కన కూర్చుంది.

సూపర్‌వైజర్ ఫోన్ తీశాడు. పెద్దకోడలు పాకల వైపు గొంతెత్తింది. "ఊడదీస్తే ఇది పాత ఇనుము. ఉన్నచోట ఉంటే సాక్ష్యం. అందరూ వచ్చి చూడండి."

పోలీసు జీపూ, పాకల జనమూ ఒకేసారి వచ్చారు.

"రెచ్చగొట్టింది నువ్వేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చూడమన్నాను. అంతే."

ఆమెను జీపెక్కించారు. వెనకసీటు నుంచి గొయ్యి కనబడుతోంది. ఎన్నడూ ఇంటి గడప దాటని అత్తగారిని ఇద్దరు చేతులందించి గోతిలోకి దించారు. ముసలామె గడియను తాకలేదు. మామ పక్కన చోటు చేసుకుని కూర్చుని, గట్టుమీద ఉన్నవాళ్లను పిలిచింది.

"ఒక్కొక్కరే దిగండి. ఏ వైపు ఉందో మీ కళ్లతో చూడండి. రేపు ఎవరడిగినా చెప్పాల్సింది మీరే."

వరస మిల్లు గేటు దాటి వీధిలోకి పెరిగింది. ఇంకో జీపు పంపమని ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. వరస చివర ఎక్కడుందో కనబడక, లారీ పంపమన్నాడు.