కొండమీది ఒంటరివాడి బల్ల

“తడిగుడ్డ పెట్టావంటే ఊరుకోను. పొడి బ్రష్షుతో దులుపు,” అన్నాడు వెండెల్, తను తాగేసిన కాఫీ కప్పు నా చేతికిస్తూ.

పెళ్లయిన దగ్గర్నుంచీ అతని కొట్లో పుల్లల బల్లలూ, అద్దాల చట్రాలూ, గడియారపు పెట్టెలూ దులుపుతున్నది నేనే. అయినా ప్రతిసారీ చెబుతాడు. నిపుణుడు కదా! మా ఆడిరోండాక్ కొండల్లో బెరడు తీయని కొమ్మలతో చేసిన పాత సామాను ఎవరింట్లో బయటపడినా, అసలుదో నకిలీదో తేల్చి ధర కట్టడానికి మా ఆయన్నే పిలుస్తారు. టార్చిలైటు, భూతద్దం సంచిలో సర్దేది నేను. తిరిగొచ్చాక అతని గొప్పలు వినేదీ నేనే.

ఆ గొప్పలకి మూలం ఒక మనిషి. కొండమీది ఒంటరివాడు. వాణ్ని ఎవరూ చూడలేదు. ఇరవై ముప్ఫై సామాన్లలో ఒకే చేతివాటం కనిపెట్టి, వెండెలే వాణ్ని పుట్టించాడు. కత్తి కోతలన్నీ ఒక పక్కకే వాలాయి కాబట్టి ఎడమచేతివాటం. బల్లలు పొట్టిగా ఉన్నాయి కాబట్టి మనిషి పొట్టి. సన్న పుల్లల్ని సందు లేకుండా పేర్చాడు కాబట్టి చిన్న వేళ్లు. బెరడు ఊడలేదు కాబట్టి కొమ్మలు నడి చలికాలంలో కొట్టినవి, అంటే మంచులో చిక్కుకుపోయిన మనిషి. ఇంతా చదివి చివరికి తేల్చిందేమిటి? ఎలుగుబంట్లతో పోరాడిన గడ్డం వేటగాడు! బల్ల అంచున దారం ఒరిసిన గాడి చూసి, అది గాలం తాడు చేసిన గుర్తు అన్నాడు. చెవులప్పగించి విన్నవాళ్లు రెట్టింపు ధర ఇచ్చి పట్టుకుపోయారు.

పోయిన చలికాలం మా అత్తగారు ఆర్ఫాకి స్నానం చేయిస్తూ ఈ కథ చెప్పాను. తొట్టిలో నీళ్లు ఒలికేలా నవ్విందావిడ.

“గడ్డం కూడా ఉందటా నాకు?”

సబ్బు నా చేతిలోంచి జారిపోయింది.

మామగారు ఒకప్పుడు సరస్సు ఒడ్డున డబ్బున్నవాళ్ల వేసవి బంగళాకి కాపలాదారు. మంచుకి దారి మూసుకుపోయే నెలల్లో కొడుకుని బడి కోసం ఊళ్లో పిన్ని దగ్గర ఉంచేవారు. ఆ నెలల్లోనే ఆవిడ కట్టెల కొట్టంలో కూర్చుని ఇవన్నీ చేసేది. వేసవిలో మామగారు భుజాన వేసుకెళ్లి అమ్మేవాడు. చేసిందెవరని ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

“వెండెల్‌కి చెప్పమంటారా, అత్తయ్యా?”

“వద్దే తల్లీ. తెలిస్తే నాక్కూడా ధర కట్టి అమ్ముకుంటాడు.”

ఆ ఎడమచెయ్యే చిన్నప్పటి నుంచీ అతనికి సూప్ వడ్డించింది. నిపుణుడు సూప్ తాగాడు.

ఆవిడ తనకోసం ఉంచుకున్నది ఒక్కటే, మంచం పక్కనుండే కుట్టుపని బల్ల. దాని మీద గుడ్డ కప్పి మందుసీసాలు పెట్టుకునేది. కిటికీ బిగించమని నేను నెలరోజులు పోరితే, నిన్న ఆ గదిలోకొచ్చిన వెండెల్ గుడ్డ పైకెత్తి కేక పెట్టాడు.

“ఒంటరివాడి పనే ఇది! అమ్మా, ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“అది నాకు కావాలిరా.”

“కొత్త ఇనుప బల్ల కొనిపెడతాలే. మందుసీసాలకి ఏ బల్లయితేనేం?”

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. రాత్రి సూప్ ముట్టలేదు. పొద్దున ఓట్స్ జావ కూడా ముట్టలేదు.

మధ్యాహ్నం ఆ బల్ల కొనడానికి విట్‌లాక్ గారి భార్య వచ్చింది. సరస్సు ఒడ్డున కొత్తగా బంగళా కట్టుకున్నవాళ్లు. వెండెల్ బల్లని తిరగేసి, టార్చి వేసి, ఎలుగుబంటి కథంతా వినిపించాడు.

“పాపం, ఒక్కడే! ఆడతోడు కూడా లేకుండా!” అందావిడ కళ్లు తుడుచుకుంటూ.

“ఆడవాళ్లుంటే ఇంత పని జరుగుతుందా అమ్మా?” అన్నాడు వెండెల్. ఇద్దరూ నవ్వారు. నేను యాపిల్-పై ముక్కలు కోసి ప్లేట్లలో పెడుతున్నాను.

“అన్నీ అసలు ముక్కలేనా?” అని అడిగింది చెక్కుబుక్కు తీస్తూ.

“ప్రతి పుల్లా! దీనిమీద వేరే చెయ్యి పడలేదు. నా పేరు మీద హామీ ఇస్తాను.”

అత్తగారి గుట్టు విప్పనని మాటిచ్చాను. నా గుట్టు గురించి ఎవరికీ మాటివ్వలేదు.

“ఆ వెనక కాలు నాది,” అన్నాను. “పోయిన చలికాలం విరిగితే బిర్చ్ కొమ్మ కొట్టుకొచ్చి నేనే చేసి బిగించాను. పక్కనున్న రెండు వరసల పుల్లలూ నావే.”

ఆవిడ చెక్కుబుక్కు మూసింది. వెండెల్ మోకాళ్లమీద కూలబడి, భూతద్దం పెట్టి నాలుగు కాళ్లూ చూశాడు. మళ్లీ చూశాడు. ఏది కొత్తదో తేల్చుకోలేక నా ముఖం చూశాడు.

“మతిమరుపు మనిషండీ, ఏదో వాగుతుంది,” అన్నాడు. ఆవిడ అప్పటికే కోటు వేసుకుంటోంది.

కారు వెళ్లిపోయింది. ఎవరు నేర్పారని అడుగుతాడేమో అనుకున్నాను. అడిగితే అత్తగారి అనుమతి తీసుకునైనా చెప్పేదాన్ని.

“ఇంకెన్ని పాడుచేశావ్?” అన్నాడు.

బల్ల ఎత్తుకుని అత్తగారి గదిలోకి నడిచాను. ఆవిడ లేచి కూర్చుని ఉంది. గోడ అవతల నుంచి అంతా విన్నట్టుంది.

“ఈసారి కొమ్మలు ఎప్పుడు కొట్టాలి, అత్తయ్యా?”

“జనవరిలో. నా ఎడమచేతి కత్తి ఇక వద్దు, నీ కుడిచేతికి సరిపోయేది కొనుక్కో,” అంది. “నువ్వు చేసినవాటి కింద నీ పేరు చెక్కుకో.”