నలభై సెకన్ల క్షేమం

"బాగున్నారా? ఏసీ నడుస్తోందా? మంచినీళ్ళు తాగుతున్నారా?" ఆ పొద్దుట పంతొమ్మిదోసారి అదే పాఠం ఒప్పజెప్పి, నాగమల్లేశ్వరి తెరమీద 'క్షేమం' అన్న పచ్చ గడి నొక్కింది. హెడ్‌సెట్ ఒరుసుకుని చెవిపైన కాయ కాసింది. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఆమెకు దక్కిన గుర్తింపు ఆ కాయ ఒక్కటే.

అమెరికాలోని ప్లేనోలో ఎండ నూట ఏడు ఫారెన్‌హీట్ దగ్గర కూర్చుని మూడు వారాలైంది. క్లినిక్‌కి వచ్చే తెలుగు ముసలివాళ్ళకి ఎండల్లో ఫోన్ చేసి కనుక్కోవడం ఆమె పని. మొదలుపెట్టిందీ ఆమే. దానికి 'క్లైమేట్ రెజిలియెన్స్ ప్రోగ్రామ్' అని పేరు తగిలించి, గ్రాంటు తెచ్చి, మెడలో కొత్త బ్యాడ్జీ వేలాడేసుకున్నది మాత్రం శ్రీధర్. భూమి వేడెక్కుతోందని చలిగదిలో స్వెట్టర్ వేసుకుని గంటసేపు స్లయిడ్లు చూపించగల మేధావి.

మన ముసలివాళ్ళు బాగున్నారా అంటే బాగున్నామనే అంటారు. ప్రాణం పోతున్నా అదే మాట. అందుకే ఆమె "ఏం కూర?" అని అడిగేది. వండలేదంటే ఎందుకు వండలేదో లాగేది. ఏసీ ఆగిందనీ, కళ్ళు తిరిగి పొయ్యి దగ్గర నిలబడలేకపోయారనీ అప్పుడు బయటపడేది. పోయినేడు ఇద్దర్ని అలాగే ఆస్పత్రికి చేర్చింది. ఆ ఇద్దరూ శ్రీధర్ స్లయిడ్లో పైకి లేచే బాణం గుర్తయ్యారు.

ఇప్పుడు కాల్‌కి నలభై సెకన్లే గడువు. దాటితే తెరమీద ఆ కాల్ ఎరుపు. వారంలో మూడు ఎరుపులైతే ఆమె బదులు మెషీన్ మాట్లాడుతుంది. రెండు అయిపోయాయి.

ఇరవయ్యో నంబరు ధనమ్మది. కొడుకు వినీత్ ఉద్యోగం పనిమీద ప్రతి సోమవారం విమానమెక్కితే మళ్ళీ గురువారమే ఇంటికి దిగుతాడు. ఇవాళ మంగళవారం.

"బాగున్నానమ్మాయ్. అన్నీ బానే ఉన్నాయ్. నువ్వెట్లా ఉన్నావ్?" గొంతు ఎండిపోయినట్టుంది.

"బానే ఉన్నానండీ. ఏం కూ..."

శ్రీధర్ వెనకనుంచి వచ్చి కుర్చీమీద వేళ్ళతో తాళం వేశాడు. "మల్లేశ్వరిగారూ, రెసిపీలు లంచ్‌లో మాట్లాడుకోండి. థర్టీ ఫైవ్ అయింది."

"ఉంటానండీ," అంది. పచ్చ నొక్కింది. ముప్పైఎనిమిది సెకన్లు. సిగ్గులేని వేలు.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి మూసేసింది. సొంత ఫోన్‌తో ధనమ్మకి మూడుసార్లు చేసింది. మోగి మోగి ఆగింది. నిద్రపోతోందిలే అని తనకి తనే అబద్ధం చెప్పుకుని, ఇంకో ముప్పైమందిని పచ్చ చేసింది. ఐదింటికి బుద్ధి పుట్టి, కారు అటు తిప్పింది.

ముందు తలుపు కొడితే పలకలేదు. వెనక తలుపు గాలికోసం బార్లా తెరిచి ఉంది. ఏసీ ఆగిపోయి, లోపల బయటికన్నా ఉక్క. ధనమ్మ గోడకి చేరగిలబడి కాళ్ళు చాపుకుని ఉంది. చెయ్యి ఎత్తితే బరువుగా జారిపోయింది. అంబులెన్స్ వాళ్ళు పరుగున వచ్చారు. చూశాక తొందరపడడం మానేశారు.

శ్రీధర్‌కి ఫోన్ చేసింది.

"ఓ మై గాడ్. సో శాడ్. ఒక్క నిమిషం..." కీబోర్డ్ టకటకలాడింది. "మార్నింగ్ గ్రీనే ఉంది కదండీ? అయితే మనవైపు ప్రాబ్లమ్ లేదు."

"రేపట్నుంచి నేను రాను శ్రీధర్. ఆ మెషీన్నే పెట్టుకో. నాకన్నా అదే నయం. దానికి తెలీదు. నేను తెలిసే నొక్కాను."

చల్లదనం కోసం ధనమ్మ తడిపి కిటికీకి అడ్డంగా కట్టిన నేతచీర ఎప్పుడో ఎండి అట్టలా బిగుసుకుపోయింది. మళ్ళీ తడపడానికి కింద పెట్టుకున్న స్టీలు చెంబులో నీళ్ళు ఇంకా సగానికి ఉన్నాయి.