రంగుల అరలో మాచా డబ్బా

“వసంతా, చాయ్ పెట్టలేదా ఇంకా?”

భువనగిరి గుట్ట మీద వెలుగు పడకముందే అత్తగారు ఆండాళు నోట ఆ మాట వస్తుంది. అందులో కోపమేమీ ఉండదు, నల్లా వచ్చిందా అని అడిగినట్టే అడుగుతుంది. పెళ్లయిన నాటి నుంచి వసంతలక్ష్మి ఆ మాటకే లేచి పొయ్యి వెలిగిస్తోంది. ముందు అత్తకు, తర్వాత మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న భర్త దామోదర్‌కు, ఆ తర్వాత చీర ఎంతదాకా వచ్చిందో చూడవచ్చిన సావుకారుకు. సావుకారు రాకపోతే ఆయన పంపిన మనిషికి. అందరూ తాగాక గిన్నె అడుగున మిగిలినదాంట్లో ఇన్ని నీళ్లు పోసి, మళ్లీ మరిగించి తను తాగుతుంది. ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో చీపురు. కూర్చుని చాయ్ తాగిన జ్ఞాపకం ఆమెకు లేదు.

దామోదర్ నేసిన చీర అంటే ఆ వాడలో పేరుంది. నేసేది అతనే, కాదనడానికి లేదు. అయితే ఆ చీరకు కండెలు చుట్టిందెవరు, రంగు గిన్నెలు తోమిందెవరు, ఆసు పోసిందెవరు అని మాత్రం ఎవరూ అడగరు. ఆసు పోయడమంటే ఒక కొసన ఉన్న మేకు నుంచి అర్ధచంద్రంలా నాటిన మేకుల దాకా చెయ్యి ఆడిస్తూ దారాన్ని చుట్టడం. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా భుజం ఆడుతూనే ఉండాలి. ఇంటికొచ్చిన చుట్టాలు “నువ్వేం చేస్తవమ్మా” అని అడిగితే ఆమె కన్నా ముందు ఆండాళు జవాబిచ్చేది. “ఏం చేస్తది, ఇంట్లనే ఉంటది.”

మరిగిన చాయ్ ఉట్టి కడుపున తాగీ తాగీ ఛాతీలో మంట పట్టుకుంది. దవాఖానలో డాక్టరమ్మ “చాయ్ తగ్గించు, జర కూసొని తిను, కూసొని తాగు” అంది. వసంతలక్ష్మి నవ్వు ఆపుకుంది. మందులైతే చిట్టీ చూపించి కొనుక్కోవచ్చు, కూర్చోవడం ఏ దుకాణంలో అమ్ముతారు?

ఆ తర్వాతి ఆదివారం హైదరాబాద్ నుంచి కూతురు పూజ వచ్చింది. అక్కడ ఒక కాఫీ షాపులో పని చేస్తుంది. బ్యాగులోంచి చిన్న రేకు డబ్బా తీసి తల్లి చేతిలో పెట్టింది. మూత తీస్తే లోపల పచ్చటి పొడి, లేత చింతచిగురు రంగులో ఉంది.

“ఇది మాచా అమ్మా. జపాన్ల తాగుతరు. మన చాయ్‌పత్తి లెక్క ఉడకబెట్టి పారబోసుడు ఉండదు. ఆకునే మెత్తగ విసురుతరు. ఆకుకు ఆకు కడుపులకు పోతది.”

“అయితే కూర తిన్నట్టే.”

“గట్లనే అనుకో. నిద్రమబ్బు ఇడుస్తది. కాఫీ తాగితే గుండె దడదడ అంటది చూడు, గట్ల కాకుంట మనసు నిమ్మళంగ ఉంటదంటరు. మంచిదని చెప్పి చెంబెడు తాగకు. ముందుగాల ఒక బుక్క ఏమన్న తిను, తర్వాత తాగు.”

డబ్బా మీద ఇంకా చాలా ఉందని పూజ చదివి వినిపించింది. కొవ్వు కరుగుతుందట, చర్మం మెరుస్తుందట, వయసు మీద పడదట. ఆసు ముందు కూర్చున్న మనిషికి వయసు ఆగిపోతే ఏం చేసుకోవాలో మాత్రం రాయలేదు.

పొడి ఉండకట్టకుండా పలచటి గుడ్డలో జల్లించాలి. నీళ్లు కాగాక దించి కాసేపు ఆగాలి, సలసల మరిగే నీళ్లు పోస్తే చేదెక్కుతుంది. ముందు కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత మిగతావి పోసి, నురగ వచ్చేదాకా చిలకాలి. దానికి వెదురుతో చేసిన కుంచె ఒకటి ఉంటుందట. వసంతలక్ష్మి మజ్జిగ చిలికే చిన్న కవ్వం తీసుకుంది. మొదటి గుక్క గరిక నమిలినట్టుంది. మూడో గుక్కకు నాలుక మీద ఏదో సన్నటి తీపి మిగిలింది. ఆ తర్వాత రోజుల్లో ఆమె దాన్ని తన ఇష్టం వచ్చినట్టు చేసుకుంది. వేడి పాలలో బెల్లం తురుము వేసి కలిపింది. ఎండ ముదిరిన నాడు చల్లటి కుండనీళ్లలో చిలికి నిమ్మకాయ పిండింది. పెరుగులో కూడా కలిపి చూసింది. ఏదీ పాడు కాలేదు గానీ చివరికి ఉత్త వేడినీళ్లలోదే ఆమెకు నచ్చింది.

నిలబడి గటగటా తాగితే అది బాగుండదు. అందుకని రాత్రి మిగిలిన రొట్టె ముక్క ఒకటి తిని, గిన్నె రెండు చేతులా పట్టుకుని పెరటి మెట్టు మీద కూర్చునేది. ఎదురుగా గుట్ట, దాని మీద నెమ్మదిగా పాకే ఎండ. ఆ కాసేపూ ఆమె ఎవరికీ ఏమీ కాదు. కొన్నాళ్లకు ఛాతీలో మంట తగ్గింది. తగ్గించింది ఆ పొడో, మరిగిన చాయ్ మానడమో, కూర్చోవడమో ఆమెకు తెలియదు.

ఇంట్లోవాళ్లకు మాత్రం అన్నీ తెలుసు. “బర్రెకు కుడితి కలిపినట్టు గా చిలుకుడేంది పిల్లా” అనేది ఆండాళు. వచ్చినవాళ్లందరికీ వంటింట్లోంచి డబ్బా తెచ్చి చూపించి, తలా చెంచాడు పొట్లం కట్టి ఇచ్చేది. దామోదర్ మగ్గం మీంచే అనేవాడు. “ఆసు ఆడ్నే ఉన్నది. నువ్వు గా పసరు తాగి లేచేటాళ్లకు పొద్దెక్కుతాంది.” కాస్త లేటుగా చాయ్ దొరకడం వల్ల ఆ ఇంటికి ఎంత కష్టమొచ్చిందో వినేవాళ్లకు జాలి పుట్టాలి. పొడి సగమైపోయిందని చూసుకున్నాక వసంతలక్ష్మి డబ్బాను తీసుకెళ్లి రంగుల అరలో, అద్దకం పొడుల డబ్బాల నడుమ పెట్టింది. ఆ అర జోలికి ఆండాళు పోదు.

దామోదర్ పోతాడు. సావుకారు చిలకపచ్చ నమూనా అడిగాడు. వెతుకుతుంటే, వంటింటి డబ్బాలు ఎరగని అతనికి ఒక కొత్త డబ్బా కనిపించింది. రంగుల దుకాణంవాళ్లు నమూనాకు ఇచ్చిన పొడి అనుకుని, ఉన్నదంతా మరిగే నీళ్లలో గుమ్మరించి పట్టుదారం చిలప ముంచాడు. చిలప నాచు పట్టినట్టు తేలింది. జాడిస్తే ఆ కాస్త రంగూ నీళ్లలో పోయింది.

“గీ రంగు కల్తీది వసంతా” అంటూ ఖాళీ డబ్బా పట్టుకొచ్చాడు. ఆమె డబ్బా వంక చూసింది, తర్వాత అతని వంక చూసింది. సంగతి అర్థమయ్యాక అతనికి నవ్వాగలేదు. ఆండాళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నిజానికి వసంతలక్ష్మికి కూడా కొంచెం నవ్వొచ్చింది. తెలియక చేసిన పని, ఎవరి మీద కోప్పడతాం?

“అయినా రంగుల కాడ ఎందుకు పెట్టినవ్?” అన్నాడు దామోదర్, కళ్లు తుడుచుకుంటూ. “పోనియ్‌తీ. ఒకందుకు మంచిదే అయింది. రేపటి సంది గా పెరట్ల కూసునే తిప్పలుండది. పొద్దుగాల్నే ఆసు ముంగట కూసోవచ్చు.”

ఆమె నవ్వు అక్కడ ఆగింది. పొడి పోవడం పొరపాటే. ఈ మాట పొరపాటు కాదు. ఇన్నాళ్లూ అతను ఆ పొద్దుటి కాసేపటిని చూస్తూనే ఉన్నాడు, అది ఎప్పుడు అయిపోతుందా అని చూస్తున్నాడు. ఎందుకు పెట్టినవ్ అని అడిగాడు గానీ, ఇంత ఇంట్లో ఆమె వస్తువు ఆమెది అని ఉంచుకోవడానికి ఇంకెక్కడ జాగా ఉందో అతనూ చెప్పలేడు. బీరువాలో అమ్మకానికి పోయే చీరలు. వంటింట్లో అందరి గిన్నెలు. ఆమె ఒళ్లు మండింది. ఆ మంట ఛాతీలోది కాదు, మందు వేసుకుని తగ్గించుకునేదీ కాదు.

సాయంత్రం ఫోనులో సంగతి విని పూజ “ఇంకోటి పంపుత తీ అమ్మా” అంది.

“పంపుదువు గని, ఇప్పుడే వద్దు బిడ్డ.”

“ఎందుకే?”

“ఇప్పుడొస్తే గా పొడి కోసమే కూసుంటున్న అనుకుంటరు.”

తెల్లారి ఆమె లేచింది. రొట్టె ముక్క తింది. నీళ్లు కాచి గిన్నెలో పోసుకుని, పెరటి మెట్టు మీద కూర్చుంది. నీళ్లకు రంగు లేదు, వాసన లేదు. గుట్ట మీద ఎండ మామూలుగానే దిగుతోంది. లోపల్నుంచి అత్త మాట వినిపించింది, “వసంతా, చాయ్ పెట్టలేదా ఇంకా?” వసంతలక్ష్మి ఒక గుక్క తాగింది. పిలుపు మళ్లీ వచ్చింది. ఒళ్లు అలవాటుగా లేవబోయింది, ఆమె దాన్ని కూర్చోబెట్టుకుంది.

దామోదర్ గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

“డబ్బా ఒడిసిపాయె గదా. ఏం తాగుతున్నవ్?”

“వేడినీళ్లు.”

“ఉత్త నీళ్లు తాగెతందుకు కూసోవాల్నా? అమ్మ పిలుస్తాంది ఇనబడ్తలేదా?”

“ఇనబడుతుంది.”

అతను ఎదురుచూశాడు. ఆమె లేస్తుందని, లేదా గొడవ పడుతుందని. రెండింటికీ అతని దగ్గర మాటలున్నాయి. ఆమె తల తిప్పి, తొలిసారి కొత్తమనిషికి ఇల్లు చూపిస్తున్నంత నెమ్మదిగా చెప్పింది.

“చాయ్‌పత్తి పొయ్యి మీది అరల ఎడమదిక్కున ఉంటది. పాలు పొంగుతయి, ఆడ్నే నిలబడు. అత్తమ్మకు చక్కెర తక్కువెయ్యి.”