గోడ వైపు

నేను కూర్చున్న కుర్చీకి ఒక కాలు పొట్టి. వడ్రంగం చేసే ఒళ్లు ఊరుకోదు, దాన్ని అటూ ఇటూ ఊపుతూనే ఉంది. గదిలో ఉన్నవాళ్లంతా ఒకే తలుపు వైపు చూస్తున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరూ సగం లేస్తారు. పేరు తమది కాదని తెలిశాక మళ్లీ కూలబడతారు.

"ఆ ఊపుడు ఆపుతారా లేదా?" అంది మా ఆవిడ.

"కుర్చీదే తప్పు."

"అవును మరి, మీ తప్పు ఎప్పుడుంది గనక!"

ఆమె నాకంటే ముందే వచ్చి ఈ దేశపు పౌరురాలైంది. నేను ఆమె మొగుడిగా వచ్చినవాణ్ణి. మాది ఉత్తుత్తి పెళ్లి కాదని లోపలి అధికారి నమ్మితే ఇక్కడ ఉంటాను. నమ్మకపోతే సంచి సర్దుకోవాలి.

మా ఆవిడ అక్క, అంటే మా వదిన, వారంగా మాకు పాఠాలు చెప్పింది. ఆవిడ కూడా మొగుణ్ణి ఇలాగే తెచ్చుకుంది.

"చూడు మరిదీ, ఇద్దర్నీ విడివిడిగా అడుగుతారు. ఇద్దరి నోటా ఒకే మాట రావాలి. అది టీ అన్నాక నువ్వు కాఫీ అన్నావో, అంతే సంగతులు."

"నేను టీయే తాగుతాను వదినా."

"ఇదిగో, ఈ ఎదురు మాటలే వద్దంటున్నా. అడిగిందానికి జవాబు చెప్పి నోరు మూసుకో. అది నీకు బాగానే వచ్చుగా."

ముందు నన్ను పిలిచారు. కిటికీ తెరవడానికి వీల్లేని చిన్న గది. బల్లకి అటు అధికారి, పక్కన మా మాట ఆయనకీ ఆయన మాట మాకూ చెప్పే పెద్దావిడ. ఎక్కడ కలిశారు, అద్దె ఇల్లేనా, కిటికీ తెర ఏ రంగు అని అడిగారు. తలుపులు ఎన్నని అడిగితే ఏ తలుపు వాననీటికి ఉబ్బిందో కూడా చెప్పబోయి, వదిన గుర్తొచ్చి ఆగాను.

"మంచం మీద మీరు ఏ వైపు పడుకుంటారు?"

"గోడ వైపండీ."

"మీ ఆవిడ గురక పెడతారా?"

"తెలియదండీ."

అధికారి తల ఎత్తాడు. "తెలియదా?"

"ఆవిడ నిద్రపోతుంటే నేను చూడలేదండీ."

పెద్దావిడ ఆ మాట చెప్పేముందు నా మొహం చూసింది. ఎందుకు చూడలేదని అధికారి అడగలేదు. అడగంది నేను చెప్పలేదు.

తర్వాత మా ఆవిడని పిలిచారు. బయట నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. గోడ పక్కన నిలబడ్డాను. అక్కడా నిలవలేక నీళ్ల దగ్గరికి వెళ్లి, దాహం లేకపోయినా తాగాను. ఆమె బయటికి రాలేదు, నన్నే లోపలికి రమ్మన్నారు.

"మీరూ గోడ వైపే, ఆవిడా గోడ వైపే అంటున్నారు," అంది పెద్దావిడ. "మీ మంచానికి ఎన్ని గోడలున్నాయని అడుగుతున్నారు."

వదిన చెప్పినట్టే ఇద్దరి నోటా ఒకే మాట వచ్చింది. అదే కొంప ముంచేలా ఉంది.

మా ఆవిడ నా వైపు తిరిగింది. "మీరు చెప్పలేదా?"

"అడగలేదు."

"అడగలేదట! చూశారా అమ్మా, ఇదీ వరస. నేను ఆసుపత్రి బట్టలు ఉతికే చోట రాత్రంతా పనిచేస్తాను. ఈయనది పగటి పని. నేనొచ్చే వేళకి ఈయన లేచి పనికి బయల్దేరతారు. లేచిన చోటే, ఆ వెచ్చదనం పోకముందే నేను పడుకుంటాను. గది ఇరుకని మంచం ఈయనే సన్నగా చేశారు. గోడ పక్కన పరుపు గుంటపడింది. ఇంకెక్కడ పడుకున్నా అందులోకే దొర్లుతాం."

"సెలవు రోజున?"

"ఈయనకి ఆదివారం, నాకు మంగళవారం. ఆదివారం పగలు ఈయన చిల్లర పనులకి పోతారు, మంగళవారం రాత్రి నాకు నిద్ర పట్టక ఇంటిపని చేసుకుంటాను. ఇంకోటమ్మా, ఈయన ఒంటి మీది రంపపు పొట్టు దులుపుకోకుండా పడుకుంటారు. ఆ దుప్పటి దులిపి దులిపి నా చేతులు పడిపోయాయి."

ఇంతసేపు ఊరుకున్నవాణ్ణి, ఇది విని ఊరుకోలేకపోయాను. "నువ్వు తల పిన్నులు దిండు కింద వదిలెయ్యవూ? మొన్న చెవిలో గుచ్చుకుంది."

"దిండు కింద పిన్ను చెవిలోకి ఎలా వచ్చింది?"

"చలేస్తే దిండు కిందే తల పెడతాను."

ఆమె గొంతు తగ్గింది. "చలేస్తుందని ఒక్క మాట చెప్పొచ్చుగా? ఇంకో దుప్పటి తెచ్చేదాన్ని."

"ఇదంతా చెప్పాలా?" అంది పెద్దావిడ.

"చెప్పండి. పిన్నుల సంగతి వద్దు," అంది మా ఆవిడ.

పెద్దావిడ అంతా చెప్పింది. పిన్నులు కూడా చెప్పినట్టుంది, అధికారి నా చెవి వైపు చూశాడు. చాలాసేపు కలంతో బల్ల మీద తట్టాడు. చివరికి, "మరి మీరిద్దరూ మాట్లాడుకునేది ఎప్పుడు?" అన్నాడు.

"మెట్ల మీద," అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆయన కాగితాలు మూశాడు. ఉండొచ్చనీ, అనుమతి కార్డు ఇంటికే వస్తుందనీ పెద్దావిడ చెప్పింది. నేను లేవలేదు. మా ఆవిడ చొక్కా పట్టుకుని లేపింది.

ఆ రోజు నేను పనికి సెలవు పెట్టాను. ఆమెకి మాత్రం రాత్రి పనుంది. ఇంటికి రాగానే తెర వేసి, అలవాటు చొప్పున గోడ వైపు పడుకుంది. నేను మంచం అంచున కూర్చున్నాను. ఈ వైపు ఎలా పడుకోవాలో తెలియలేదు. ఒక కాలు నేల మీదే ఉంచి నడుం వాల్చాను. పరుపు నన్ను గుంటలోకి లాగింది. ఆమె నిద్రలోనే మోచేత్తో అవతలికి నెట్టింది. మళ్లీ లాగింది, మళ్లీ నెట్టింది.

కాసేపటికి ఏదో చప్పుడు. ఎండు కర్రలో రంపం ఇరుక్కుని కిరకిరమన్నట్టుంది. కిటికీ చూశాను, తలుపు చూశాను. చివరికి ఆమె మొహం దగ్గరికి వంగితే తెలిసింది.

అప్పటికప్పుడు లేచి ఆ ఆఫీసుకి పరిగెత్తాలనిపించింది. గురక లేదండీ, పళ్లు కొరుకుతుంది అని చెప్పి రావాలనిపించింది.