మాటవరసకి క్షమాపణ

భార్యకి కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు చేత్తో పట్టుకుని, జీవరాజు రాజమండ్రిలో లాయరు ఫణిశ్రీ ముందు కూర్చున్నాడు. భార్య రూబీని కొట్టాడని కేసు. కొట్టాడంటున్న రోజంతా అతను కడియం నర్సరీలో లారీకి మొక్కలెక్కిస్తున్నాడు.

“సాక్షులున్నారుగా, కౌంటరు వేద్దామండి. ఆవిడకి మాత్రం ఫోనూ, మెసేజీ చెయ్యకండి. జైలుదాకా పోతుంది.”

జీవరాజు జేబులోంచి ఫోను తీశాడు. “ఇందాకే పెట్టానండి. తప్పేదైనా ఉంటే క్షమించమని.”

“కొట్టకుండా క్షమాపణేంటండి బాబూ! ఒప్పుకున్నట్టే కదా?”

“మాటవరసకండి. మావాళ్లు ఉత్తరం చివర అలాగే రాస్తారు.”

ఆమె ఫోను అందుకుని చూసింది. డేటా అయిపోవడంతో మెసేజి కదల్లేదు. జీవరాజు దాన్ని చెరిపేశాడు.

“దేవుడున్నాడండి,” అంది ఫణిశ్రీ మంచినీళ్ల గ్లాసు అతని ముందుకు జరుపుతూ. “కేసు తేలేదాకా రీఛార్జి చేయించకండి.”