చప్పుడొస్తే మందున్నట్టే

మా ఇంట్లో ఏది ఎంత మిగిలిందో ఊపి చెప్పేది నేనే. గ్యాస్ బండను కాస్త వంచి ఊపితే ఇంకా ఎన్ని రోజులొస్తుందో చెప్పేస్తాను. కొబ్బరినూనె సీసా, పసుపు డబ్బా, పిల్లల దగ్గు మందు, అన్నీ అంతే. "మా శిరీషకు మీటర్లు అక్కర్లేదు" అని మా ఆయన రాజశేఖర్ చుట్టాల ముందు మురిసిపోతాడు. బండ ఈడ్చుకొచ్చి బిగించేది కూడా నేనేనన్న మాట మాత్రం ఆయనకు గుర్తు రాదు. పదకొండు రోజులుగా నేను ఇంట్లో ఏదీ ఊపడం లేదు. నిన్న అన్నం సగం ఉడికాక గ్యాస్ అయిపోతే అత్తమ్మ నోరు తెరిచింది. తెరవనీ.

శంషాబాద్ అవతల, విమానాలు ఇళ్ళ మీదుగా దిగే ఊళ్ళో, పల్లె దవాఖానలో నేను కాంట్రాక్టు నర్సును. మా దగ్గర దమ్ముతో, అదే ఉబ్బసంతో, బాధపడేవాళ్ళు ఇరవై నలుగురు. కంకర క్వారీ దుమ్ము, కొత్త రోడ్ల దుమ్ము, కట్టెల పొయ్యి పొగ, ఇంకేం కావాలి? వాళ్ళలో లచ్చమ్మ పెద్దమ్మ ఒకతె. పీల్చే మందు పంపు చూస్తే మొదట్లో హడలిపోయేది. "అలవాటైతదంట గదా బిడ్డా, కల్లు లెక్క?" అనేది. నాలుగు నెలలు వెంటపడి నేర్పాను. నేర్చుకున్నాక కొంగున కట్టుకుని తిరిగేది. ఒకరోజు అడిగింది, "దీంట్ల మందు అయిపోయినట్టు ఎట్ల ఎరుకైతది?" అని.

నాకు తెలియదు. తెలియదని చెప్పొచ్చు కదా! చెప్పలేదు. "ఊపి చూడు పెద్దమ్మా, లోపల చప్పుడొస్తే మందున్నట్టే" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో! ఆమె అప్పుడే ఊపి, చెవి దగ్గర పెట్టుకుని నవ్వింది. ఇల్లు నడిపే ఆడదానికి ఆ మాట విడమరిచి చెప్పాలా?

పదకొండు రోజుల కింద మిట్టమధ్యాహ్నం ఆమెకు దమ్ము లేచింది. ఇంట్లో కోడలు శ్రీలత ఒక్కతే ఉంది. నాకు కబురంది పరుగెత్తేసరికి ప్రాణం పోయింది. "పంపు కొడ్తనే ఉన్నది శిరీషక్కా, తగ్గుతదని అరగంట ఆగినం" అంది శ్రీలత. పెద్దమ్మ పిడికిట్లోంచి పంపు తీసి ఊపాను. చప్పుడొచ్చింది.

మర్నాడు మా డాక్టర్ కళ్యాణి మేడంను ఏదో మాటల్లో అడిగినట్టు అడిగాను. "ఊపితే ఏం తెలుస్తుంది శిరీషా? మందైపోయినా లోపల గ్యాస్ ఉంటుంది. నొక్కితే తుస్సుమంటుంది, ఊపితే చప్పుడూ వస్తుంది. రోజుకెన్నిసార్లు పీలుస్తారో చూసి, అయిపోయే తేదీ డబ్బా మీద మనమే రాసివ్వాలి. ట్రైనింగులో ఆఖరి గంటంతా అదే కదా చెప్పాను?" అంది.

ఆఖరి గంటలో నేను లేను. ఆడబిడ్డ అత్తగారివాళ్ళు పదిమంది దిగారని ఇంటి నుంచి ఫోన్. "నౌకరి రోజు ఉంటది, చుట్టాలు రోజు వస్తరా?" అని అత్తమ్మ. మేడం బోర్డు వైపు తిరిగినప్పుడు లేచి వచ్చేశాను. కోడికూర వండి పెడితే కారం తక్కువైందన్నారు.

మేడం దగ్గర్నుంచి వచ్చి ఏం చేశాను? మిగిలిన ఇరవై ముగ్గురి ఇళ్ళకూ పోయి, పంపులు తీయించి, చెరగని పెన్నుతో తేదీలు రాశాను. ఎవరికీ కారణం చెప్పలేదు. బతికున్నవాళ్ళ ముందు అంత బుద్ధిమంతురాలినయ్యాను. కానీ దవాఖానలో ఏ సిరప్ సీసా ఊపినా సరే, చెవి పక్కనే లచ్చమ్మ పెద్దమ్మ, "ఉన్నదా బిడ్డా?" అంటుంది. బెంచీ మీద ఆమె కూర్చునే చోట ఎవరైనా కూర్చుంటే లేపేయాలనిపిస్తుంది. నాకు భయమేస్తోంది. ఆమెను చూసి కాదు, అంత నెమ్మదిగా అడుగుతుంది కదా, అందుకు.

ఊరంతా ఇంకో మాట పాకింది. "మా అవ్వ కొట్టుకుంటుంటే ఇది ఫోన్ చూసుకుంట కూసున్నది" అని పెద్దమ్మ కూతురు సక్కుబాయి, తల్లి శవం ముందే, శ్రీలతను చూపిస్తూ అంది. పెద్దమ్మ కొడుకు నరేందర్ ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. అక్క మాట పట్టుకుని, దినాలు కాగానే పెండ్లాన్ని రావిర్యాలలో తల్లిగారింటికి పంపేస్తానన్నాడు. ఈ రోజు పెద్దమనుషుల పంచాయితీ.

రాజశేఖర్‌కు అంతా చెప్పాను. "సచ్చినామె తిరిగొస్తదా? నౌకరి పోతే తిరిగొస్తదా? జర నోర్మూసుకొని ఉండు. అది వాళ్ళింటి లొల్లి" అన్నాడు. నాలుగు రోజులు ఆ మాట నాకూ హాయిగానే ఉంది, ఎందుకు దాచడం? ఇవాళ పొద్దున చీర కట్టుకుంటుంటే అడిగాడు, "ఎటు?" అని. చెప్పాను. "నా మాటకు విలువ లేదా?" అన్నాడు. టిఫిన్ గిన్నె ఆయన ముందు పెట్టి బయల్దేరాను. దారిలో మేడం బల్ల మీద ఒక కాగితం పెట్టి వచ్చాను, నేను ఎవరికి ఏం తప్పు చెప్పానో రాసి.

పెద్దమ్మ ఇంటి వాకిట్లో కుర్చీలు వేశారు. శ్రీలత దర్వాజ పక్కన, కాళ్ళ దగ్గర బట్టల సంచితో నిలబడి ఉంది. పెద్దమనిషి గోపయ్య గొంతు సవరించుకున్నాడు.

"గోపయ్య తాతా, జర ఆగు" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మీద విమానం పోతోంది. అది పోయేదాకా ఆగి, మళ్ళీ అన్నాను. "శ్రీలత తప్పేం లేదు. ఆ పంపులో మందు ఎన్నడో అయిపోయింది. ఊపి చూడుమని, చప్పుడొస్తే మందున్నట్టేనని పెద్దమ్మకు తప్పు చెప్పింది నేను."

సక్కుబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నరేందర్ నా వంక కాదు, భార్య వంక చూశాడు, చూసి తల దించుకున్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

శ్రీలత ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మొదటి రోజే ఈయనకు చెప్పిన అక్కా, అత్తమ్మ పోయేముందు గదే అన్నదని. చప్పుడొస్తున్నది, మందున్నట్టే, శిరీష చెప్పింది అన్నదని. సర్కారు నర్సమ్మ మీద తప్పు పెడ్తవా అని ఈయన కొట్టిండు" అంది. నా ముఖంలోకి చూస్తూ అంది, "నువ్వొచ్చి చెప్తవని పదకొండు రోజులు ఈ దర్వాజలనే కూసున్న."