గీత దాటిన చేపలు

ఇర్వింగ్‌లో శనివారం అంటే చాలామందికి ఇండియన్ గ్రోసరీ, ఆ తర్వాత గుడి, సాయంత్రం ఎవరింట్లోనో భోజనం. దామోదర్ ఇంట్లో మాత్రం శనివారం అంటే చేపలు. తెల్లవారకముందే ఆయన కారు వెనక చిన్న అల్యూమినియం పడవ తగిలించి, భార్య కనకదుర్గనీ కూతురు అదితినీ నిద్రకళ్ళతోనే ఎక్కించుకుని ఉత్తరంగా హైవే పట్టుకునేవాడు. టెక్సస్‌కీ ఓక్లహోమాకీ మధ్య పరుచుకున్న సెడార్ బెండ్ లేక్ చేరేసరికి పొద్దు పొడిచేది. పడవ దించే ర్యాంపు ఓక్లహోమా ఒడ్డున ఉంది. చేపలు మాత్రం టెక్సస్ నీళ్ళలోనే బాగా పడతాయని ఆయన నమ్మకం. చేపలకి రాష్ట్రాలు తెలుస్తాయా అని కనకదుర్గ ఎగతాళి చేస్తే, తెలుసు గనకే ఇన్ని తిప్పలు అనేవాడు.

ఆ మాట అబద్ధం కాదు. ఆ లేక్ మధ్యగా రాష్ట్రాల గీత పోతుంది. నారింజరంగు బోయాలు వరసగా తేలుతూ అది ఎక్కడుందో చూపిస్తాయి. టెక్సస్ వైపు మనిషికి పది స్ట్రైపర్ చేపలు దగ్గర ఉంచుకోవచ్చు, ఓక్లహోమా వైపు అయిదే. చేపని ఎక్కడ పట్టావని ఎవరూ అడగరు, ఇప్పుడు ఎవరి నీళ్ళలో ఉన్నావన్నదే లెక్క. గీత దాటాక మనిషికి అయిదుకి మించి ఉంటే ఆ మించినవి, ఐస్‌లో ఎంతసేపటినుంచి చచ్చి పడి ఉన్నవైనా సరే, బతుకుతాయి. ఐస్ నింపిన కూలర్ పెట్టెలో తపతపా కొట్టుకుంటాయి. వాటిని నీళ్ళలో వదిలేసి మిగిలినవి తీసుకుని ఇంటికి పోవడం అక్కడి ఆనవాయితీ. అందుకే లేక్ మీద కాపలా తిరిగే వార్డెన్‌లు కూలర్ మూత తెరవమని అడగరు, పడవ పక్కన ఆగి చెవి పెడతారంతే. ఒడ్డున ఎరలు అమ్మే కొట్లో కొత్తవాళ్ళకి, గీత దగ్గర మూత గట్టిగా పట్టుకోండి, లేకపోతే ఎగిరి బట్టలు తడుపుతాయి అని చెప్పి పంపుతారు.

దామోదర్ పోయి ఏడాది కావస్తోంది. ఆఫీసు నుంచి వస్తూ కారు పక్కకి ఆపుకుని, మళ్ళీ దిగలేదు. రేపు ఆదివారం సంవత్సరీకం. విస్తట్లో ఆయనకి ఇష్టమైన చేపల పులుసు వడ్డించాలి, వచ్చిన నలుగురికీ అదే పెట్టాలి. కొట్లో కొన్న చేపని ఆయన నోట పెట్టేవాడు కాదు. కాబట్టి తల్లీకూతుళ్ళు ఆ శనివారం పడవ తగిలించుకుని బయల్దేరారు. ఆయన లేకుండా ఆ దారిన వెళ్ళడం అదే మొదలు.

అదితి సంగతి కొంచెం చెప్పాలి. ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదువుకుంది. దామోదర్ ఇంగ్లీషు ఫోన్లో అవతలివాళ్ళకి ఓ పట్టాన అర్థమయ్యేది కాదు. అందుకని మిడిల్ స్కూల్ రోజులనుంచీ ఇన్సూరెన్స్‌కీ, ఇంటర్నెట్ కంపెనీకీ, బ్యాంక్‌కీ ఫోన్ చేసే పని అదితిది. గొంతు లావు చేసి, "యెస్, దిస్ ఈజ్ దామోదర్" అనేది. పక్కన సోఫాలో అసలు దామోదర్ నవ్వాపుకోలేక దిండులో మొహం దాచుకునేవాడు. మన ఇళ్ళలో చాలామంది పిల్లలు చేసే పనే ఇది, తప్పని ఎవరూ అనుకోరు. ఆయన పోయాక కూడా ఆ పని ఆగలేదు. ఆయన పోయారని ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పడం, వాళ్ళు సారీ అనడం, ఆ మాట ఇంట్లో మళ్ళీ మళ్ళీ వినబడడం కనకదుర్గ భరించలేకపోయింది. ఇప్పుడే ఎవరికీ చెప్పకే అంది. కూతురు చెప్పలేదు. ఏడాదిగా ఫోన్ మోగిన ప్రతిసారీ దామోదర్ పలుకుతూనే ఉన్నాడు.

జెర్సీ సిటీ నుంచి అదితికి ఉద్యోగం వచ్చింది. చదువుకునేటప్పుడు ఏది కావాలని కలలు కన్నదో అదే. సోమవారంలోగా అవుననో కాదనో చెప్పాలి. కనకదుర్గ నీ ఇష్టమే అంది గానీ, ఆ మాట అన్నాక ఆ పూట అన్నం తినలేదు. హైవే మీద డ్రైవ్ చేయడం ఆవిడకి రాదు. ఒంటరిగా ఒక్క రాత్రి కూడా పడుకుని ఎరగదు. కూతురు అదంతా చూసి, ఇక్కడే రిమోట్ జాబ్ ఏదో చూసుకుంటానని రెండు రోజుల కిందటే ఆవిడతో చెప్పేసింది. తల్లికి ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకు సిగ్గు కూడా వేసింది, కానీ ఆ సిగ్గుని పైకి రానివ్వలేదు.

లేక్ మీద చలిగాలి కొడుతోంది. నాన్న జాకెట్ వేసుకోవే అంది కనకదుర్గ, వేసుకుంది. వెనక మోటార్ దగ్గర ఆయన కూర్చునే చోట కూర్చోమంది, కూర్చుంది. ఆయన గాలమే చేతికిచ్చింది. అదితిది ఎడమచేతి వాటం, దాని దారం చుట్టే రీలు కుడిచేతివాళ్ళకి బిగించింది. అయినా ఏమీ అనకుండా కుడిచేత్తోనే విసరసాగింది. నీళ్ళవైపు తిరిగి ఉంటే ఆ భుజాలు, ఆ తల వంచడం అచ్చం ఆయనే. కనకదుర్గకి ఏడాదిలో ఎప్పుడూ లేనంత హాయి అనిపించింది. ఇంటి విషయాలు కొన్ని చెప్పింది. గరాజ్ తలుపు చప్పుడు చేస్తోందని కూడా, ఆయనకి చెప్పినట్టే, చెప్పింది.

చేపలు బాగా పడ్డాయి. ఇద్దరికీ కలిపి పది కాగానే గాలాలు చుట్టేశారు. ఓక్లహోమాలో మనిషికి అయిదు, ఇద్దరికి పది. లెక్క సరిపోయింది కదా అనుకుంటూ బోయాల మధ్యనుంచి గీత దాటారు.

కూలర్‌లో చప్పుడు మొదలైంది.

ఒకటో రెండో అయితే ఎంచడంలో పొరపాటనుకోవచ్చు. మూత ఎగిరెగిరి పడుతోంది. అదితి మోటార్ ఆపి మూత తీసింది. సగం చేపలు ఐస్ మీద గిలగిలా కొట్టుకుంటున్నాయి, సగం కదలకుండా పడి ఉన్నాయి. తల్లి మళ్ళీ ఎంచింది. మొత్తం పదే. బతికినవి అయిదు.

ఆ చప్పుడు విని వార్డెన్ పడవ వచ్చి పక్కన ఆగింది. అరవై దాటిన మనిషి, ఎండకి మొహం నల్లబడి ఉంది. టోపీ తీసి నమస్కారంగా తలవంచి, కూలర్‌లోకి ఒకసారి చూశాడు. తర్వాత ఇద్దరి మొహాలూ చూశాడు. మేమిద్దరం ఉన్నాం, పదే పట్టాం అని కనకదుర్గ తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పుకుంది. ఆయన కాదనలేదు.

"మీరు ఇద్దరే కనబడుతున్నారు, నిజమే," అన్నాడు. "కానీ నీళ్ళు ఒక్కరినే లెక్కపెట్టాయి. అమ్మాయ్, నీ పేరేంటి?"

"దామోదర్," అంది అదితి.

గొంతు లావు చేసి అనలేదు. ఆలోచించి అనలేదు. ఎవరైనా పేరడిగితే ఏడాదిగా వచ్చే జవాబే వచ్చింది. తను ఏమందో తెలిశాక కూడా వెంటనే సరిదిద్దుకోలేకపోయింది. తన పేరు కోసం కాసేపు వెతుక్కున్నట్టు తల్లివైపు చూసింది.

ఆ చూపుకి కనకదుర్గకి భయం వేసింది. మొగుణ్ణి పోగొట్టుకున్ననాడు కూడా అంత భయం వేయలేదు. ఆనాడు పోయినవాడు పోయాడని తెలుసు. ఇప్పుడు ఎదురుగా ఉన్న పిల్ల లేదంటున్నారు.

"దామోదర్ ఎవరు?" అని వార్డెన్ మెల్లిగా అడిగాడు.

చెప్పాల్సింది తనే అని కనకదుర్గకి తెలుసు. "నా భర్త. చనిపోయారు," అంది. ఏడాదిలో ఆ మాట తన నోటితో అనడం అదే మొదటిసారి. "ఇది నా కూతురు. పేరు అదితి."

వార్డెన్ తలూపాడు. "చనిపోయినవాళ్ళకి ఏ రాష్ట్రమూ లిమిట్ ఇవ్వదమ్మా. వాళ్ళ పేరున ఒక్క చేప కూడా ఉంచుకోవడానికి లేదు," అన్నాడు. ఫైన్ రాయలేదు. బతికినవాటిని వదిలేయమనీ, చీకటిపడేదాకా ఇక్కడే తిరుగుతుంటాననీ చెప్పి, తన పడవ తిప్పుకున్నాడు.

అదితి ఒక్కొక్క చేపనీ రెండు చేతులతో పట్టి నీళ్ళలోకి జారవిడిచింది. అవి తోకలు ఆడించుకుంటూ టెక్సస్ వైపు వెళ్ళిపోయాయి.

"సారీ అమ్మా," అంది. "ఇట్స్ జస్ట్ హ్యాబిట్. నువ్వు ఫీల్ అవ్వకు. ఫైవ్ చాలు కదా రేపటికి?"

"చాలవు," అంది కనకదుర్గ. "వెనక్కి పద."

గీతకి అవతల, టెక్సస్ నీళ్ళలో, పడవ ఆపించింది. జాకెట్ తీసేయమంది. చలేస్తోందని కూతురు అంటే తన శాలువా ఇచ్చి, ఆ జాకెట్ మడత పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. మోటార్ దగ్గరనుంచి లేచి ముందుకి రమ్మంది. పడవ ఊగుతుంటే ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని చోట్లు మారారు. అదితి రీలు పిడి విప్పి తనకి వీలుగా రెండోవైపు బిగించుకుంది. ఎడమచేత్తో విసిరింది. మొదటి రెండుసార్లూ దారం చిక్కుపడింది. దామోదర్ ఎప్పుడూ చిక్కు పడనిచ్చేవాడు కాదు. కనకదుర్గ ఆ చిక్కులు చూస్తూ కూర్చుంది. ఏడాదిగా తను ఎవరితో మాట్లాడుతోందో, ఎవరికి అన్నం వడ్డిస్తోందో ఇప్పుడు తెలిసి కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

"నీకు జెర్సీ సిటీకి వెళ్ళాలని ఉందా?" అని అడిగింది.

"ఉంది అమ్మా. చాలా ఉంది," అంది అదితి, నీళ్ళవైపే చూస్తూ. "కానీ నువ్వు ఒక్కదానివే ఎలా ఉంటావ్? అది ఆలోచిస్తే వద్దనిపిస్తుంది."

కనకదుర్గ ఒళ్ళోని జాకెట్ మడత సరిచేసుకుంది.

మధ్యాహ్నం దాటాక అయిదో చేప పడింది. మళ్ళీ పది అయ్యాయి. మోటార్ నేను నడుపుతానంది కనకదుర్గ. తాడు ఎంత గట్టిగా లాగాలో, హ్యాండిల్ ఎటు తిప్పితే పడవ ఎటు పోతుందో అదితి పడవ ముందువైపు నుంచే చెప్పింది. పడవ కాసేపు వంకరటింకరగా పోయి, ఎలాగో బోయాల వరస దారి పట్టింది. దూరంగా వార్డెన్ తన పడవలో నిలబడి ఇటే చూస్తున్నాడు.

గీత దగ్గరికి వస్తుంటే ఆవిడ ఒక చెయ్యి తీసి కూలర్ మూత మీద ఆనించింది. ఏ తల్లీ పైకి చెప్పుకోలేని కోరిక ఒకటి అప్పుడు ఆవిడ మనసులో పుట్టింది. ఒక్కటైనా కదిలితే బాగుండును. ఒక్క చేప తోక కొట్టినా చాలు, పిల్ల ఇంకా వాళ్ళ నాన్న నుంచి పూర్తిగా విడిపోలేదని, ఇంకొన్నాళ్ళు తన దగ్గరే ఉండాలని నీళ్ళే చెప్పినట్టవుతుంది. అప్పుడు పిల్లని ఆపేసిన నేరం తనది కాదు. అలా అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా చెయ్యి తీయలేదు.

పడవ బోయాలు దాటింది. మోటార్ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అరచేతి కింద మూత చల్లగా, కదలకుండా ఉంది. ఇంకొంచెం దూరం పోనిచ్చి చూసింది. తర్వాత మోటార్ ఆపి, తల వంచి మూతకి చెవి ఆనించి విన్నది. లోపల ఐస్ కరుగుతున్న నీళ్ళ చప్పుడే ఉంది.

అవతల వార్డెన్ టోపీ ఎత్తి తన దారిన తాను వెళ్ళిపోయాడు.

"అమ్మా," అంది అదితి, వెనక్కి తిరగకుండా. "కదులుతున్నాయా?"

కనకదుర్గ అబద్ధం చెప్పాలనుకుంటే చెప్పొచ్చు. మూత తన చేతి కిందే ఉంది, పిల్ల అటు తిరిగి ఉంది.

"లేదు తల్లీ," అంది. "ఒక్కటీ కదలడంలేదు. నువ్వు వెళ్ళు."

అదితి భుజాలు ఒక్కసారి ఎగసిపడ్డాయి. ఆ ఏడుపు ఆగేదాకా కనకదుర్గ పడవని అలాగే ఉంచింది. ఆ తర్వాత తాడు తనే లాగింది. మొదటిసారి అందుకోలేదు. రెండోసారి ఇంకా గట్టిగా లాగి, మోటార్ అందుకున్నాక, పడవని ర్యాంపు వైపు తిప్పింది.